కొండ పట్టిన గొడుగు

1883 సెప్టెంబరు రెండో వారంలో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా ఉదయించాడు. ఇది కట్టుకథ కాదు. అప్పట్లో మద్రాసు వేధశాలను నడుపుతున్న నార్మన్ పాగ్సన్ గారు ఈ వింతను నమోదు చేశారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాల ప్రొఫెసరు మిచీ స్మిత్ గారు ఆ పచ్చని వెలుగును వర్ణపటదర్శినితో పరీక్షించారు. తరువాతి కాలంలో కొడైకెనాల్ సౌర వేధశాలకు తొలి డైరెక్టరు అయినది ఈయనే. పక్కనున్న సింహళంలో కూడా ఆ రోజుల్లో సూర్యబింబం ఆకుపచ్చగానూ, నీలంగానూ కనిపించింది.

దీనికి కారణం మద్రాసుకు సుమారు 3,500 కిలోమీటర్ల దూరాన ఉంది. జావా, సుమత్రా దీవుల మధ్య సుందా జలసంధిలో క్రకటోవా అనే అగ్నిపర్వతం ఆగస్టు 26, 27 తేదీల్లో బద్దలైంది. దానివల్ల లేచిన సముద్రపుటలల్లో 36 వేల మందికి పైగా చనిపోయారు. ఆకాశంలోకి ఎగసిన మేఘం పడమటి దిక్కుగా సాగుతూ దాదాపు రెండు వారాల్లో భూగోళాన్ని చుట్టివచ్చింది. ఆ దారిలో ఉన్న ఊళ్లలో సూర్యుడి రంగు మారిపోయింది. ఆ సంవత్సరం చివరలో ఐరోపా, అమెరికాల్లో సాయంసంధ్యలు ఎంత ఎర్రగా మండాయంటే, అమెరికాలో ఒకటి రెండు పట్టణాల్లో ఊరి చివర ఇళ్లు తగలబడుతున్నాయనుకుని ఫైరింజన్లు పరుగులు తీశాయట!

పోయిన సంచికలో మండుటెండల గురించి రాసిన తరువాత ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. "అగ్నిపర్వతం అంటేనే నిప్పు. అది పేలితే భూమి వేడెక్కాలి గాని, చల్లబడిందంటారేమిటి?" అని. న్యాయమైన ప్రశ్న. నేను చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. అయినా ఈ సంగతి తెలుసుకుంటున్న కొద్దీ ఇందులో జమాఖర్చుల లెక్క చాలానే ఉందని అనిపించింది. అందుకే ఈసారి శీర్షిక దీని మీదే.

ముందు మన నెత్తిమీద ఉన్న గాలి సంగతి చూద్దాం. నేలనుంచి మొదటి అంతస్తు ట్రోపో ఆవరణం. మన ప్రాంతాల్లో ఇది 16, 17 కిలోమీటర్ల ఎత్తుదాకా ఉంటుంది. ధ్రువాల దగ్గర అందులో సగమే. మబ్బులు, వానలు, గాలివానలు అన్నీ ఈ అంతస్తులోనే. దానిపైన స్ట్రాటో ఆవరణం. అక్కడ వాన లేదు. గాలి కిందికీ మీదికీ కలియబెట్టినట్టు తిరగదు.

ఈ తేడాలోనే కిటుకంతా ఉంది. కింది అంతస్తులోకి చేరిన దుమ్ము, పొగ మన కరెంటు అకౌంటులో పడిన డబ్బు వంటివి. ఇవాళ పడతాయి, నాలుగు రోజుల్లో ఖర్చయిపోతాయి. ఒక మంచి వాన వస్తే కడిగేసినట్టు పోతాయి. పై అంతస్తుకు చేరినది ఫిక్స్‌డ్ డిపాజిట్ వంటిది. కడిగే వాన అక్కడ లేదు కనుక ఏడాది, రెండేళ్లదాకా కదలదు. మన ఫ్యాక్టరీలూ, విద్యుత్కేంద్రాలూ ఏటా వదిలే గంధకపు పొగ ఒక పెద్ద అగ్నిపర్వతం వదిలిన దానికన్నా కొన్ని రెట్లు ఎక్కువే. కాని అది కింది అంతస్తులోనే ఉండి కొద్ది రోజుల్లో నేలకు దిగిపోతుంది. అగ్నిపర్వతపు గంధకం పై అంతస్తుకు చేరుతుంది కనుక తక్కువ సరుకుతోనే ఎక్కువ పని చేస్తుంది.

గంధకం అంటున్నాను గాని బూడిద అనడం లేదు, గమనించారా? చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా బూడిదే సూర్యుణ్ణి కప్పేస్తుందనుకున్నారు. నిజానికి బూడిద అంటే నలిగిన రాయి. బరువైనది. రోజుల్లో, వారాల్లో కిందపడుతుంది. పడినచోట నేలలో నేలగా మిగులుతుంది. దానికి సాక్ష్యం మన తెలుగునాట ఉంది. పూర్వపు కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న జ్వాలాపురం దగ్గర భూమి పొరల మధ్య తెల్లని బూడిద దట్టంగా పేరుకుని ఉంది. అది సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల క్రితం పేలినప్పుడు కొట్టుకొచ్చినది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ గారు, విదేశీ శాస్త్రజ్ఞులు కలిసి అక్కడ తవ్వి చూశారు. బూడిదకు కిందా మీదా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంటే బూడిద మన పొలాల్లో పడి మట్టిలో కలిసింది. వాతావరణాన్ని మార్చేది కిందపడనిది.

ఆ కిందపడనిది సల్ఫర్ డయాక్సైడ్ వాయువు. పేలుడు దాన్ని స్ట్రాటో ఆవరణంలోకి విసిరితే, అక్కడ నీటి ఆవిరితో కలిసి కొద్ది వారాల్లో గంధకామ్లపు సన్నని తుంపరలుగా మారుతుంది. ఒక్కొక్క తుంపర మన వెంట్రుక మందంలో నూరో వంతు ఉంటుందేమో! ఆ పరిమాణమే దాని బలం. సూర్యుడి వెలుగును అది చెదరగొట్టి కొంత భాగాన్ని తిరిగి అంతరిక్షంలోకి పంపేస్తుంది. భూమినుంచి పైకి పోయే వేడిని మాత్రం అంతగా అడ్డగించదు. కనుక రాబడి తగ్గుతుంది, ఖర్చు తగ్గదు. ఫలితం లోటు, అంటే చల్లదనం.

ఇంట్లో పిల్లలకు చూపించదలిస్తే ఒక గాజుగ్లాసు నీళ్లలో రెండు చుక్కలు పాలు కలపండి. చీకటి గదిలో పక్కనుంచి టార్చిలైటు వేయండి. గ్లాసు పక్కభాగం కొంచెం నీలంగా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి గ్లాసు గుండా చూస్తే అదే దీపం పసుపు, నారింజ రంగుకు తిరుగుతుంది. పాలలోని సూక్ష్మకణాలు వెలుగును చెదరగొట్టడమే కారణం. ఆకాశంలో జరిగేదీ ఇలాంటిదే. కణాల పరిమాణాన్ని బట్టి రంగు మారుతుంది. మద్రాసు సూర్యుడు పచ్చబడడంలో రహస్యం అదే.

బూడిద కాదు, గంధకమే అసలు సరుకు అన్న సంగతి రెండు పేలుళ్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేలిపోయింది. 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ కొండ పేలింది. ప్రపంచమంతా ఫొటోలు చూసింది. కాని అందులో వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ సుమారు పది లక్షల టన్నులే. పైగా పేలుడు బలం చాలావరకు పక్కకు పోయింది. ప్రపంచ వాతావరణం మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. రెండేళ్ల తరువాత, 1982లో, మెక్సికోలో ఎల్ చిచోన్ అనే కొండ పేలింది. పేరు కూడా చాలామంది వినలేదు. అది విసిరిన సల్ఫర్ డయాక్సైడ్ సుమారు 70 లక్షల టన్నులు. దాని ముసుగు భూమిని చుట్టేసింది. మోత ఎక్కువున్నంత మాత్రాన ముద్ద ఎక్కువుండదు!

ఇక అసలు లెక్క దొరికినది 1991లో. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో పినటూబో కొండ దాదాపు 500 ఏళ్లుగా నిద్రపోతోంది. ఏప్రిల్‌లో ఆవిరి చిమ్మడం మొదలుపెట్టింది. అక్కడి శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి కనిపెట్టి చూసి, సకాలంలో హెచ్చరించి, వేలాదిమందిని ఖాళీ చేయించారు. జూన్ 15న కొండ బద్దలైంది. అదేరోజు ఒక తుపాను కూడా అటుగా వచ్చింది. వానకు తడిసి బరువెక్కిన బూడిద ఇళ్ల కప్పుల మీద కూలి వందలమంది చనిపోయారు. హెచ్చరికే లేకపోతే ఆ సంఖ్య వేలల్లో ఉండేది.

మేఘం సుమారు 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. అందులో సల్ఫర్ డయాక్సైడ్ ఒకటిన్నర నుంచి రెండు కోట్ల టన్నులు. మూడు వారాల్లో భూమధ్యరేఖ పొడుగునా భూమిని చుట్టింది. కొండ ఉష్ణమండలంలో ఉండడంవల్ల ఆ ముసుగు ఉత్తరానికీ దక్షిణానికీ కూడా పాకింది. అదే ఏ అలాస్కాలోనో పేలి ఉంటే చాలావరకు ఉత్తరార్ధగోళంలోనే ఉండిపోయేది. ఈ మొత్తం వ్యవహారాన్ని ఉపగ్రహాలు పైనుంచి చూసి లెక్కకట్టాయి.

అప్పుడే ఒక సాహసం జరిగింది. నాసాలో పనిచేస్తున్న జేమ్స్ హాన్సన్, ఆయన సహచరులు కంప్యూటరు లెక్కలు వేసి, ప్రపంచ సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గుతుందనీ, 1992 చివరకు ఆ చల్లదనం ముదిరి, తరువాత క్రమంగా పోతుందనీ 1992 మొదట్లోనే అచ్చువేశారు. జరిగిన తరువాత కారణం చెప్పడం సులువు, జరగబోయేది అంకెతో సహా ముందు చెప్పడమే కష్టం. అంకె సరిపోయింది. 1992లో భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది. 1995 నాటికి ఆ చల్లదనం కరిగిపోయింది. భూమి వేడెక్కడం గురించి శాస్త్రజ్ఞులు చెప్పే లెక్కలను నమ్మవచ్చా అని అడిగేవారికి ఇదొక ఆడిట్ రిపోర్టు.

"అర డిగ్రీయేగా!" అనిపించవచ్చు. సగటు అనేది మోసకారి. బ్యాంకు మొత్తం మీద లాభం కొంచెమే తగ్గిందని వార్షిక నివేదికలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం వెనుక ఏదో ఒక ఊరి బ్రాంచి పూర్తిగా మునిగిపోయి ఉండవచ్చు. వాతావరణంలో అలాంటి ఏడాది 1816.

1815 ఏప్రిల్ 10న ఇండోనేసియాలోని సుంబావా దీవిలో తంబోరా పేలింది. లిఖిత చరిత్రలో అంతకంటే పెద్ద పేలుడు లేదనే చెప్పాలి. కొండ ఎత్తులో మూడో వంతు ఎగిరిపోయింది. జావాను అప్పుడు బ్రిటిష్‌వారి తరఫున పాలిస్తున్న స్టాంఫర్డ్ రాఫిల్స్ ఈ మోతల గురించి రాసి ఉంచారు. అక్కడివారు మొదట ఫిరంగులనుకుని సైన్యాన్ని కూడా కదిలించారు. దీవిలోనూ చుట్టుపక్కలా పదుల వేలమంది, కొందరు నిప్పుకు, ఎక్కువమంది ఆ తరువాత ఆకలికి, రోగానికి బలయ్యారు.

మరుసటి ఏడాది జూన్ నెలలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలో మంచు కురిసింది. పడమటి ఐరోపాలో వేసవంతా చలీ, ముసురే. ధాన్యం పొలంలోనే కుళ్లింది. 1817 నాటికి రొట్టె ధర ఆకాశానికంటింది. స్విట్జర్లాండులో జనం కరువుతో అల్లాడారు. జెనీవా సరస్సు ఒడ్డున వానకు ఇంట్లో చిక్కుకుపోయిన ఇంగ్లీషు యువతి మేరీ షెల్లీ కాలక్షేపానికి మొదలుపెట్టిన దెయ్యం కథే తరువాత 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల అయింది. ఆ ఏడాదిని 'వేసవి లేని సంవత్సరం' అంటారు. ప్రపంచ సగటున తగ్గినది అప్పుడు కూడా అర డిగ్రీకి కాస్త అటూ ఇటూ మాత్రమే.

ఇందులో నా మనసును కలచివేసినది ఒకటుంది. స్విట్జర్లాండులో పస్తులున్న ఆ రైతుకు తన కడుపు కొట్టినది ప్రపంచానికి అవతలి కొసన ఉన్న ఒక కొండ అని తెలియదు. అప్పట్లో ఎవరికీ తెలియదు. విలియం హంఫ్రీస్ అనే అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు ఆ రెంటికీ ముడివేసి చెప్పేసరికి దాదాపు నూరేళ్లు పట్టింది. అంతకుముందు 1784లోనే, ఐస్‌లాండులో లాకీ అగ్నిపర్వతం పొగ చిమ్మిన తరువాత, బెంజమిన్ ఫ్రాంక్లిన్ అలాంటి అనుమానం వెలిబుచ్చారు గాని నిరూపించే సాధనాలు ఆయన దగ్గర లేవు.

ఇప్పుడు మనకు తెలుసు. తెలిసినందువల్లే ఒక కొత్త ఆలోచన పుట్టింది. కొండ పట్టిన గొడుగు మనమే పట్టుకుంటే? విమానాలతో ఏటా కొంత గంధకాన్ని స్ట్రాటో ఆవరణంలో చల్లితే, వేడెక్కుతున్న భూమికి నీడ దొరుకుతుంది గదా! ఇది సినిమా కథ కాదు. ఓజోన్ పొర మీద పరిశోధనకు 1995లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన పాల్ క్రుట్జెన్ గారు 2006లో ఈ మార్గాన్ని గంభీరంగా పరిశీలించాలని రాశారు. ఆయన దాన్ని ఆనందంగా చెప్పలేదు. బొగ్గుపులుసు వాయువును తగ్గించడానికి దేశాలు ముందుకు రావడం లేదన్న దిగులుతో చెప్పారు.

ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వస్తుంది. వినడానికి బాగుంది. కాని ఖాతాలో రెండో వైపు కూడా చూడాలి.

మొదటిది వాన. ఎండ తగ్గితే సముద్రంలో నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. నేల సముద్రం కన్నా త్వరగా చల్లబడుతుంది. నేలకూ సముద్రానికీ మధ్య ఉండే వేడి తేడాయే మన ఋతుపవనాలను లాక్కొచ్చేది. ఆ తేడా తగ్గితే లాగే బలం తగ్గుతుంది. పినటూబో తరువాతి ఏడాదిలో ప్రపంచం మొత్తంమీద నేలపై కురిసిన వాన, నదులు సముద్రానికి మోసిన నీరు బాగా తగ్గాయని కెవిన్ ట్రెన్‌బర్త్, ఐగువో డాయ్ అనే శాస్త్రజ్ఞులు 2007లో లెక్కతేల్చారు. ఆ కాలంలోనే ఉన్న ఎల్‌నినో ప్రభావాన్ని మినహాయించినా కొండ వాటా మిగిలిందని చెప్పారు. వేడి తగ్గింది సరే, నీళ్లు కూడా తగ్గితే మన రైతు ఎవరికి దణ్ణం పెట్టుకోవాలి?

రెండోది, గొడుగు కర్ర ఎవరి చేతిలో ఉండాలి? గంధకం ఉత్తరార్ధగోళంలోనే ఎక్కువగా చేరితే వానపట్టీ దక్షిణానికి జరుగుతుంది. ఆఫ్రికాలో సహారా ఎడారి అంచునున్న సాహెల్ ప్రాంతపు వాన లెక్కల్లో అతి పొడిగా ఉన్న నాలుగు వేసవుల్లో మూడు ఉత్తరార్ధగోళంలో పెద్ద అగ్నిపర్వతాలు పేలిన తరువాత వచ్చినవేనని 2013లో ఒక పరిశోధన చూపింది. 1912లో అలాస్కాలో కట్మాయ్ ప్రాంతపు పేలుడు, 1982 నాటి ఎల్ చిచోన్ అందులోవే. కొండ చేస్తే దైవఘటన అంటాం. ఒక దేశం చేస్తే ఏమంటాం? పక్కదేశంలో కరువొస్తే నష్టపరిహారం ఎవరిస్తారు? ఈ భయంతోనే 2021లో స్వీడన్‌లో జరపదలచిన ఒక చిన్న ప్రాథమిక పరీక్షను స్థానికుల అభ్యంతరాల మీద ఆపేశారు. ఎవరో కంపెనీవారు తమ దేశంలో గంధకం నింపిన బెలూన్లు వదిలారని తెలిసి, ఇలాంటివాటిని నిషేధిస్తామని మెక్సికో ప్రభుత్వం 2023 జనవరిలో ప్రకటించింది.

మూడోది ఓజోన్. మన కాలుష్యంతో స్ట్రాటో ఆవరణానికి చేరిన క్లోరిన్, గంధకపు తుంపరల సాయంతో ఓజోన్‌ను మరింతగా తినేస్తుంది. పినటూబో తరువాత, 1992, 93ల్లో ఓజోన్ బాగా తగ్గింది.

నాలుగోది అన్నింటికన్నా పెద్దది. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాడికి ఇది ఇట్టే తెలిసిపోతుంది. పాత అప్పు కట్టలేనివాడు కొత్త అప్పు తెచ్చి దాన్ని తిరగరాయించుకోవడం మేము చాలా చూశాం. కాగితం మీద ఖాతా శుభ్రంగా కనిపిస్తుంది. అసలు అలాగే ఉంటుంది. పైగా పెరుగుతుంది. గంధకపు గొడుగు ఏడాది, రెండేళ్లకు మాసిపోతుంది. మనం వదిలిన బొగ్గుపులుసు వాయువులో కొంత భాగం వందల, వేల ఏళ్లు ఉంటుంది. గొడుగు పట్టినంతకాలం వేడి తెలియదు. ఈలోగా సముద్రం ఆ వాయువును పీల్చుకుని ఆమ్లంగా మారుతూనే ఉంటుంది. ఏ యుద్ధమో, ఏ ఆర్థిక సంక్షోభమో వచ్చి ఒకనాడు గొడుగు ముడిస్తే, దాచిపెట్టిన వేడంతా కొద్ది ఏళ్లలోనే మీద పడుతుంది. వడ్డీతో సహా వసూలన్నమాట.

ఇంతకూ మన అప్పు ఎంత? "అగ్నిపర్వతాలు కూడా బొగ్గుపులుసు వాయువు వదులుతాయి గదా, మన తప్పేముంది?" అనేవారు ఉన్నారు. లెక్క చూద్దాం. పినటూబో పేలుడులో వెలువడినది సుమారు 5 కోట్ల టన్నులు. ఇప్పుడు మనుషులం బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చి ఏటా వదిలేది 3,700 కోట్ల టన్నుల ప్రాంతం. భాగించి చూడండి. రోజుకు రెండు పినటూబోలు! తెల్లవారి ఒకటి, పొద్దుగూకి ఒకటి. అందులో మోత లేదు, నిప్పు లేదు, చల్లబరిచే గంధకపు మేఘం కూడా లేదు. అందుకే మనకు పట్టడం లేదు.

పరిశోధనలు వద్దని నేననను. ఇల్లు కాలుతున్నప్పుడు ఏ బావిలో ఎన్ని నీళ్లున్నాయో తెలుసుకుని ఉండడం మంచిదే. కాని గొడుగు దొరుకుతుందన్న ధైర్యంతో ఇంటి కప్పు వేసుకోవడం వాయిదా వేయకూడదు. అప్పు తీర్చే దారి ఒకటే, కొత్తది చేయకపోవడం, పాతది కొంచెం కొంచెంగా తగ్గించుకోవడం.

మద్రాసు సూర్యుడు కొన్ని రోజులకు మళ్లీ మామూలు రంగుకు వచ్చాడు. పినటూబో చల్లదనం మూడు నాలుగేళ్లకు పోయింది. కొండలు తాము చేసినదాన్ని తామే సర్దుకుంటాయి. మనం చేసినది సర్దవలసినది మనమే. ఉత్తరం రాసిన మిత్రునికి జవాబు దొరికిందనుకుంటాను. పిల్లల చేత ఆ పాల ప్రయోగం మాత్రం తప్పక చేయించండి, ఏ రంగు కనిపించిందో నాకు రాయండి.